వెలగని దీపాల జాబితా

ప్రజలందరికీ ఎలక్ట్రానిక్స్ నేర్పి తీరాలని మా కాలనీ సంఘం నిశ్చయించింది. మధ్యలో ప్రజలు అడ్డు రాకపోయి ఉంటే ఈపాటికి నేర్పేసి ఉండేది కూడా.

శిక్షణ సంఘ భవనం మేడమీద, ప్రతి శనివారం. పన్నెండుమందికి పన్నెండు మైక్రోకంట్రోలర్ బోర్డులు ఇచ్చారు. బోర్డంటే అగ్గిపెట్టెంత కంప్యూటరు; చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది (ఈ గుణం ఉన్న సభ్యులు సంఘానికి ఇంకా దొరకలేదు). మొదటి పాఠం, ఎల్ఈడీ బల్బు సెకనుకోసారి వెలిగి ఆరడం. నేర్పే రేడియో మాస్టారు నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. రెసిస్టరు పెట్టడం మరిచిపోయి బల్బు మాడ్చినవాళ్లను కూడా కసురుకోకుండా ఇంకోటి ఇచ్చేవారు. అందుకని ఆయన మీద రెండు ఫిర్యాదులున్నాయి.

టైలరమ్మ మాత్రం ఊరికే మిణుకుమనే బల్బు కోసం రాలేదు. ఆవిడ తల్లికి చెవులు బొత్తిగా వినపడవు. కూతురు కొట్టుకు వెళ్లాక ఇంట్లో ఒక్కతే. ఇంజెక్షన్ వేయడానికొచ్చే నర్సు బెల్లు కొట్టీ కొట్టీ రెండుసార్లు వెనక్కి పోయింది. తలుపు దగ్గర బటన్ నొక్కితే తల్లి కుర్చీ ఎదుట దీపం వెలగాలి, అంతే. సూదిలో దారం ఎక్కించే చేతులు కదా, మూడో వారానికే తీగలన్నీ కలిపి, మాస్టారి సాయంతో ప్రోగ్రాం రాసి, వెలిగించేసింది.

నాలుగో వారం సంఘం తరఫున ప్రగతి పరిశీలకుడు వచ్చారు. పదకొండు దీపాలు మిణుకుమంటున్నాయి. పన్నెండోది ఊరుకుంది.

"ఇది వెలగట్లేదేమ్మా?"

"బటన్ నొక్కితే వెలుగుతుందండీ. ఒక్కసారి నొక్కి చూడండి."

"నేను చూడ్డానికొచ్చానమ్మా. నొక్కడం నా పని కాదు."

"పోనీ నేనే నొక్కుతానండీ."

"మీరు నొక్కి వెలిగిస్తే అది మీ ప్రగతి అవుతుంది గానీ, దీపం ప్రగతి ఎలా అవుతుందమ్మా?"

బోర్డు వెలగని దీపాల జాబితాలో చేరి, మరమ్మతు బీరువాలోకి వెళ్లింది. మాస్టారు అక్కడికక్కడే నొక్కి, వెలిగించి, "లోపం లేదు" అని రాశారు. లోపం లేని వస్తువును బాగుచేసినట్టు రాసే గడి ఫారంలో లేదు. బాగుచేయని వస్తువును బీరువా వదలదు. ఆవిడ ఐదు శనివారాలు కాళ్లరిగేలా తిరిగింది. ఈలోగా నర్సు మరోసారి వెనక్కి పోయింది. నాకైతే ఒళ్లు మండింది (ఒళ్లు మండిన సభ్యులు సంతకం చేయాల్సిన పుస్తకం కింది అంతస్తులో ఉంటుంది). చివరికి మాస్టారే ఒక తీగ పీకి, మళ్లీ పెట్టి, "బాగుచేయబడినది" అని సంతకం చేశారు.

సంఘం సంతోషించి, పరికరాన్ని ఇంటికే పంపింది. పరిశీలకుడు స్వయంగా తీసుకెళ్లారు, మంగళవారం పొద్దున పదకొండింటికి, టైలరమ్మ కొట్లో ఉన్న వేళ. నిబంధన ప్రకారం బెల్లు మూడుసార్లు నొక్కారు. కిటికీలోంచి చూస్తే పెద్దావిడ కుర్చీలో కూర్చుని గుండీలు ఏరుకుంటోంది. ఆయన తిరిగొచ్చి, బోర్డును మళ్లీ బీరువాలో పెట్టి, రిజిస్టరులో ఇలా రాశారు: "కుటుంబసభ్యులు ఇంట్లోనే ఉన్నారు. పరికరం అవసరం ఉన్నట్టు కనిపించలేదు."