కంప్యూటర్ బంగారం

“చెత్త అనేదే లేదు! చూసే కళ్లు లేవు, అంతే!”

గోపన్‌పల్లిలోని ఆ అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో అధ్యక్షుడు శ్రీనివాసరావు ఇలా ప్రకటించి, కందిగింజంత బంగారు పూసను అరచేతిలో పెట్టి చూపించాడు. పాత కంప్యూటర్లలోంచి ఇంట్లోనే తీశాడట! మూడు బ్లాకులవాళ్లూ నోళ్లు తెరిచారు.

యజ్ఞనారాయణకు మాత్రం కడుపు మండింది. హైటెక్ సిటీలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లతోనే బతుకుతున్నవాడు తను. మదీనాగూడలో చీరల కొట్టు నడిపే ఈ శ్రీనివాసరావు కంప్యూటర్లోంచి బంగారం తీస్తే చూస్తూ ఊరుకోవడమా!

“వచ్చే సమావేశానికి నేనూ తెస్తాను. రాసుకోండి!” అన్నాడు లేచి.

కోశాధికారి వాసంతి నిజంగానే రాసుకుంది.

మర్నాటి నుంచి ఆఫీసులో పారేసిన సర్క్యూట్ బోర్డులన్నీ ఆయన బాల్కనీకి చేరాయి. వీడియోలు చూసి యాసిడ్ తెచ్చాడు. పసుపుపచ్చని పొగ లేచింది. కుళాయిలు నల్లబడ్డాయి. కూతురు బుజ్జి దగ్గు ఆగలేదు.

“ఏవండీ, బుజ్జిని తీసుకుని మా అక్క వాళ్లింటికి వెళ్తున్నా. బంగారం వచ్చాక ఫోన్ చెయ్యండి. ఊపిరుంటే ఎత్తుతాను” అని భార్య హరిత పెట్టె సర్దుకుంది.

మూడు వారాలు గడిచాయి. పదకొండు కిలోల బోర్డులు యాసిడ్‌లో నానబెడితే, బకెట్ నిండా ఆకుపచ్చ నీళ్లు మిగిలాయి. బంగారం మాత్రం ఆవగింజంతైనా లేదు. సమావేశం చూస్తే రేపే!

యజ్ఞనారాయణ సబ్బు రాసి పెళ్లి ఉంగరం ఊడదీశాడు. చందానగర్ బజార్లో నగలు చేసే రామచంద్రం కొట్టుకెళ్లి, గొంతు తగ్గించి అడిగాడు.

“దీన్ని కరిగించి పూసలా చెయ్యాలండీ. మరీ నున్నగా వద్దు. ఇంట్లో తీసినట్టుండాలి.”

రామచంద్రం కనురెప్పైనా కదపలేదు.

“కంప్యూటర్ బంగారమే గద సార్? ఫికర్ జెయ్యకుండ్రి. జర వంకరగ, నల్లగ జేసిస్త. గోపన్‌పల్లి శ్రీనివాసరావు సార్‌కు గిట్లనే జేసిచ్చిన. ఆయనది చెవి పోగు.”

యజ్ఞనారాయణ ఒళ్లు భగ్గుమంది. ఎంత మోసం! రేపు పదిమందిలో పరువు తీసెయ్యాలి! అంతలోనే, ‘మరి తమరు ఆ కొట్టుకెందుకెళ్లారు?’ అని ఎవరైనా అడిగితే? రామచంద్రం పొయ్యి వెలిగించేదాకా ఆలోచించాడు.

“ఆయనది కందిగింజంత కదూ? నాది శనగగింజంత ఉండాలి” అన్నాడు.

మర్నాడు ఆ పూసను చూసి అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది శ్రీనివాసరావే. అప్పుడు వాసంతి లేచింది.

“వచ్చే ఆదివారం మీరిద్దరూ మా అందరి ముందూ చేసి చూపించండి. పాత కంప్యూటర్లు ప్రతి ఫ్లాటు నుంచీ మేమిస్తాం!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో ఎన్నడూ లేనంత స్నేహం!

“ఇళ్లల్లో యాసిడ్ వాడటం పర్యావరణ ద్రోహం! తక్షణమే నిషేధించాలి!” అని యజ్ఞనారాయణ గర్జించాడు.

“నేను బలపరుస్తున్నా!” అన్నాడు శ్రీనివాసరావు, ఆయన మాట పూర్తికాకముందే.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. భూమాత క్షేమం కోసం చేతికందిన బంగారాన్నే వదులుకున్న త్యాగధనులని సభ ఇద్దరినీ కొనియాడింది. ఆ మహానుభావులు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. కప్పుతూ కప్పుతూ, శ్రీనివాసరావు ఆయన చెవి దగ్గరకు వంగి మెల్లగా అడిగాడు.

“ఆ రామచంద్రం మీకు తరుగెంత తీశాడండీ?”