జనానా తెర వెనుక చంద్రలోకం

చంద్రుని మీద మనిషి కాలు మోపిన వార్త పత్రికలో వచ్చిన ఉదయం, శాలిబండ నివాసి, విద్యుత్ శాఖ గుమాస్తా అయిన ప్రకాశం సెలవు పెట్టి తన కార్యక్రమాన్ని నిర్ణయించుకున్నాడు: చాయ్ తాగడం, అఫ్జల్‌గంజ్ వెళ్లి చింతపండు తేవడం, భోంచేసి పడుకోవడం. మానవజాతి విజయం తనకు కొత్తేమీ కాదని చాటవలసిన అవసరం ఆ కార్యక్రమంలో లేదు. అయినా చాటాడు.

"ఇదంత మనం ఎప్పుడో చూసినం గదనే. నెత్తికి గాజు కుండలు పెట్టుకొని చంద్రుని మీద దిగుతరు, మూడు కండ్ల రాజు పట్టుకుంటడు. ఆ ఇంగ్లీషు సినిమా పేరేంది?"

భార్య సుశీలమ్మ చేతిలో చేట ఆగింది. "నేను చూడలే. ఎవర్ని తీస్కపోయినవయ్యా?"

ప్రకాశం విశదీకరించాడు. పెళ్లయిన కొత్తలో ఆమెనూ తన అత్తగారినీ టాకీసుకు తీసుకుపోయాడు. ఆడవాళ్లకు తెర కట్టిన జనానాలో వాళ్లు పైన, తాను కింద. ఆ రోజు సుశీలమ్మకూ జ్ఞాపకముంది. కానీ ఆమె చూసిన సినిమా అత్త చేతిలో కోడలు పడే గోస. కొంగు తడిసేలా ఏడ్చింది కూడా. కనుక గాజు కుండలను అతడు మరెవరితోనో చూశాడు. సినిమా ఎట్లుందని భార్యను అడిగే ఆచారం ఆ ఇంట లేనందున ఈ అభిప్రాయభేదం ఆరేళ్లుగా గుప్తంగా ఉండిపోయింది.

ఆ సినిమా పేరు చెప్పి, అది ఆ రోజే ఆడిందని రుజువు చేసేదాకా పొయ్యి వెలగదని శాసనం వెలువడింది.

ప్రకాశం అన్వేషణకు బయలుదేరాడు. అది త్రిశంకు స్వర్గం కథేనని పక్కింటి దర్జీ మొగులయ్య తేల్చాడు. మూడు కళ్లుంటే శివుడే తప్ప రాజు కాజాలడని పాలు పోసే బాలనర్సింహ ఖండించాడు. ఈ పండిత చర్చ నుంచి గల్లీ గ్రహించిన సారాంశం ఒక్కటే: ప్రకాశానికి ఎవరో ఉంది. మధ్యాహ్నానికి ఆమెకు నర్సు ఉద్యోగం కూడా దొరికింది. కాసేపటికి అత్తగారు మాణిక్యమ్మ, కూతుర్ని తీసుకుపోవడానికి ఖాళీ ట్రంకు పెట్టెతో రిక్షా దిగింది.

"బిడ్డ పక్కనే కూసున్న నేను. కోడల్ని బాయిల నూకేటప్పుడు నేను గూడ ఏడ్చిన. కుండలు లేవు, కంచాలు లేవు."

చివరి న్యాయస్థానంగా అందరూ ఆ టాకీసుకే నడిచారు. మేనేజరు వైకుంఠం ఆ ఆటను మరిచిపోయే స్థితిలో లేడు.

"కోడలి సినిమా రీళ్ల డబ్బా రైల్ల రానే లేదు భాయ్. పోస్టర్లు అంటిచ్చినం, టికెట్లు అమ్మినం. ఏం జెయ్యాలె? ఇంగ్లీషుది ఏదో పడుంటే ఎక్కిచ్చినం. జనం కుర్చీలు ఇరగ్గొట్టిన్రు. పేరా? పేరుండే మొదటి రీలు గూడ లేకుండె."

"కోడలి సినిమా తర్వాతనన్న ఆడిందా?" ప్రకాశం అడిగాడు.

"మా దగ్గర ఎన్నడు ఆడలే."

ప్రకాశం ఎంతో వినయంగా అత్తగారి వైపు తిరిగాడు. "అత్తమ్మా, మరి బాయిల నూకింది ఎవర్ని?"

మాణిక్యమ్మ చూపు కూతురి చేతుల మీద వాలింది. పుట్టింటి కానుకగా ఆరేళ్లు కీర్తి గడించిన లక్క గాజులను సుశీలమ్మ కొంగులో దాచుకుంది. జనానాకు వెనుక మెట్లున్నాయి; మెట్లు దిగితే గాజులు అమ్మే లాడ్ బజార్ ఎంతో దూరం లేదు.

"ఆట ఇడిసెటాల్లకు మల్ల వచ్చినం గద," అంది మాణిక్యమ్మ నేల చూస్తూ. "బాయి పోస్టరు మీదనే ఉండె."

దీపాలు పెట్టే వేళకు పొయ్యి వెలిగింది. ట్రంకు పెట్టె ఖాళీగానే వెనుదిరిగింది. సినిమా పేరు నేటికీ తెలియలేదు. ఆ ఇంట దాన్ని ఎవరూ అడగనూ లేదు. ప్రకాశం మాత్రం పీట మీద కూర్చొని, చంద్రునిపైకి వెళ్లినవారు ఎక్కడికి పోతున్నదీ ఇంట్లో చెప్పే వెళ్లారని పత్రిక నుంచి గట్టిగా చదివి వినిపించాడు.

పత్రికలో ఆ వాక్యం లేదు.