పదిహేడో నంబరు డబ్బా

ఆ ఇంట్లో ఎవరు ఊరికి వెళ్లినా సంచి సర్దే పని కనకదే. ఆ మంగళవారం తెల్లవారుజామున ఆమె సర్దుతున్నది మాత్రం మనిషి కోసం కాదు, ఒక డబ్బా కోసం. అది రెండు లీటర్లు పట్టే తెల్ల ప్లాస్టిక్ డబ్బా. పక్కన అంటించిన కాగితం మీద 17 అని రాసి ఉంది. ఏడున్నరకి ఫల్గుణ మోటారుసైకిల్ మీద వస్తాడు. డబ్బా పాడేరు వెళ్తుంది, అక్కణ్ణుంచి బస్సులో విశాఖపట్నం వెళ్తుంది. అనుకున్నది అంతే.

ఈ కొండల్లో ఏడాదిలోపు పిల్లలు తల్లిపాలతో పాటు ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో తెలుసుకోవాలని గాయత్రి అనే డాక్టరు పరిశోధన చేస్తోంది. ఫల్గుణ ఆమె దగ్గర పనిచేస్తాడు, పక్క గూడెం మనిషే. పద్ధతి సులువు. పాపకి ఒక ముద్ద పెడితే డబ్బాలో కూడా ఒక ముద్ద వెయ్యాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా అలా వేసి మూత పెట్టాలి.

కనక మనవరాలు వెన్నెలకి తొమ్మిదో నెల. కోడలు రమణి కాఫీ పళ్లు కోయడానికి వెళ్తుంది కాబట్టి పగలంతా పాప కనక దగ్గరే. సోమవారం కనక ఫల్గుణ చెప్పినట్టే చేసింది. "ఇది నీకు, ఇది ఇశాపట్నానికి" అంటూ రోజంతా పంచింది. మంగళవారం తెల్లారి మూత తీసి చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. అంత పెద్ద డబ్బాలో అడుగున ఎక్కడో అరచేతి మందాన అంబలి ముద్ద.

"ఇంతేటే? కోడిపిల్ల కూడా ఇంతకన్న ఎక్కువ తింటాది."

రమణి గంప తలకెత్తుకుంటూ, "పాప తిన్నంతే ఎయ్యమన్నారు కదత్తా" అంది.

"పాప తిన్నాది పాప కడుపులో ఉన్నాది. ఇది పరాయి ఊరు ఎల్తంది. ఇంత ముద్ద పంపితే ఆల్లు మనల్నేటనుకుంటారు?"

"ఎవులూ తినరంట అత్తా. ఎండబెట్టి, పొడి సేసి, మిషన్లో సూత్తారంట."

"సూడ్డానికి ఇంత దూరంనించి కూడు అడుగుతారేటే? నువ్వు బేగి ఎల్లు. పొద్దెక్కిపోతంది."

గూడెంలో ఒక పట్టింపు ఉంది. బయటివాళ్లకి పంపే గిన్నె వెలితిగా గడప దాటకూడదు, అందులో అంబలి ఉండకూడదు. వరన్నం, కోడికూర ఉండాలి. కనకకి ఇంకో పట్టింపు కూడా ఉంది. భర్త గాసిని జ్వరంతో జీపెక్కించి విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకుపోయిన రోజున, ఆ గాభరాలో ఆమె అతని సంచిలో ఏమీ పెట్టలేదు. సంచి ఖాళీగా వెళ్లింది. తర్వాత ఎవరో ఆ సంచిని ఒక్కదాన్నీ తెచ్చి ఇచ్చారు. అప్పటినుంచి విశాఖపట్నం అన్న మాట వింటే ఆమెకి అక్కడ ఎవరో ఆకలితో కూర్చుని ఉన్నట్టే అనిపిస్తుంది.

కనక డబ్బాలోని ముద్దని తీసి పెరట్లో నల్లపెట్టకి వేసింది. నల్లపెట్ట శుభ్రంగా తిన్నది. తర్వాత కనక నల్లపెట్టని పట్టుకుంది. పాప తిన్నదే కోడీ తిన్నది, ఆ కోడి కూరై డబ్బాలోకి వెళ్తోంది. ఆ లెక్కన పాప తిన్నది డబ్బాలోకి చేరినట్టే కదా అని తనకు తానే సమాధానం చెప్పుకుంది.

ఫల్గుణ వచ్చేసరికి డబ్బా మూత చుట్టూ టేపు వేసి సిద్ధంగా ఉంది. కాటాకి తగిలించి చూశాడు. ముల్లు కిందికి జారిపోయింది.

"కేజీ తొమ్మిదొందలా! పెద్దమ్మా, ఈ గుంట ఇంత తిన్నాదేటి?"

కాదంటే డబ్బా తెరుస్తాడు. తెరిస్తే తీసేస్తాడు. కనక గడపకి అడ్డంగా నిలబడి, "తిన్నాది మరి. తినే గుంటకి నోరు కట్టేత్తామేటి?" అంది.

టేపు వేసిన డబ్బాని దారిలో విప్పకూడదని ఫల్గుణకి గట్టిగా చెప్పి ఉన్నారు. పాప వంక ఒకసారి, కాటా వంక ఒకసారి చూసి, కనబడిన అంకె రాసుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాలకి ల్యాబ్ నుంచి వచ్చిన కాగితం గాయత్రి మూడుసార్లు చదివింది. వరన్నం, కోడిమాంసం, కారం, మసాలా. ఫల్గుణకి ఫోన్ చేసింది.

"పదిహేడో నంబరు పాపకి పళ్లెన్ని?"

"రెండు మేడమ్. కింద."

"రెండు పళ్లతో కోడి తొడ తిందా?"

"కష్టపడే గుంట మేడమ్."

"బరువెంత ఉంది?"

"పోయిన నెల ఏడు కేజీల వంద. ఈ నెలా... అదే మేడమ్."

గాయత్రికి అప్పటిదాకా వస్తున్న నవ్వు ఆగిపోయింది. రోజుకి రెండు కేజీలు తింటున్న పిల్ల నెలకి ఒక్క గ్రాము పెరగకపోవడం ఏమిటి? తిన్నది వంటబట్టని జబ్బు ఏదైనా ఉందా? లేకపోతే డబ్బాలు తారుమారయ్యాయా? "ఇంకో డబ్బా తీసుకురా, వెంటనే" అంది.

"మళ్లీ అడిగినారా?" అంది కనక. మొదట ఆశ్చర్యపోయింది. తర్వాత ఆమె మొహం వెలిగింది. సాయంత్రానికల్లా ఆ మాట గూడెమంతా తిరిగింది. కనకమ్మ వంట విశాఖపట్నంలో నచ్చిందట, ఇంకా కావాలన్నారట! ఇక మిగిలిన పదమూడు ఇళ్లు ఊరుకుంటాయా? ఒకరు గుమ్మడికాయ కూర తెచ్చారు, ఒకరు ఎండుచేప, ఇంకొకరు వెదురుకొమ్ముల కూర. సామల అన్నం పెట్టాలా వరన్నం పెట్టాలా అని కాసేపు తగువు జరిగి, రెండూ పెట్టారు. ఆఖరుకి వచ్చిన ముసలామె చేతిలో కందిపప్పు మిగిలిపోయింది. "నాది ఒద్దేటి? నా సేతికి కుష్టుందా?" అని ఆమె ఏడవబోతే, చేపని పక్కకి నొక్కి చోటు చేశారు. డబ్బా రెండు కేజీల మూడు వందలు తూగింది.

ఈసారి కాగితం చూసిన గాయత్రి ఫోన్ చెయ్యలేదు. జీపు మాట్లాడుకుని, ఫల్గుణని ఎక్కించుకుని బయల్దేరింది.

జీపు చప్పుడు వినగానే గూడెం గూడెమంతా, విశాఖపట్నం వాళ్లు తినడానికే వచ్చేశారని సంబరపడింది. చాపలు పరిచారు, అడ్డాకు విస్తళ్లు కడిగారు. గాయత్రి చాప మీద కూర్చోలేదు. పాపని ఉయ్యాల కాటాలో వేసి తూచింది. ఏడు కేజీల వంద. కళ్లు చూసింది, పొట్ట నొక్కి చూసింది.

"పాప సంచి సర్దండమ్మా. ఇవాళే విశాఖపట్నం తీసుకెళ్లాలి. ఆసుపత్రిలో చూపించాలి."

కనక చేతిలో విస్తరి జారిపోయింది. "గుంటకేటైనాది?"

"అదే తెలియాలి. ఇంత తింటూ పెరగడం లేదంటే లోపల ఏదో ఉంది."

"అమ్మా, ఇశాపట్నానికి ఏదో ఒకటి కావాలంటే నా మేకని తోలుకెల్లండి. రెండు మేకలున్నాయి, రెండూ తోలుకెల్లండి. గుంట ఒద్దమ్మా."

గాయత్రి ఫల్గుణ వైపు తిరిగింది. "మేకలెందుకు?"

"నాకూ తెలవట్లేదు మేడమ్."

కనక లోపలికి వెళ్లి గాసి సంచి దింపింది. ఈసారి ఖాళీగా పంపదు. పాప గౌన్లు పెట్టింది, తీసి మడతలు మార్చి మళ్లీ పెట్టింది. బియ్యం పోసింది, చాలదేమోనని ఇంకా పోసింది. సర్దడం అయిపోతే జీపు కదులుతుంది, అందుకే ఆమె సర్దుతూనే ఉంది. ఈలోగా పాపకి ఆకలేసి గుక్కపట్టింది. ఆకలేసిన పిల్ల ముందు ఏ భయమూ నిలవదు. కనక సంచి వదిలేసి, తలుపు వెనక్కి వెళ్లి, చిన్న సొట్ట గిన్నెలోంచి ఏదో పాప నోట్లో పెట్టసాగింది.

గాయత్రి మెల్లగా వెళ్లి తలుపు వెనక్కి తొంగి చూసింది. "అదేంటమ్మా?"

కనక గిన్నెని కొంగుతో కప్పింది. "ఏటీ నేదమ్మా. అంబలి. ఇంట్లోకి."

"పాప తినేది ఇదేనా? మరి అన్నం, కోడి, ఎండుచేప?"

కనక తల దించుకుంది. "అవి మీకమ్మా. డబ్బా ఎలితిగా ఎలా పంపుతాం? ఇశాపట్నంలో ఎవులు పెడతారు మీకు?"

ఫల్గుణ నెత్తి పట్టుకున్నాడు. గాయత్రి అక్కడే మట్టినేల మీద చతికిలబడింది. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక గిన్నెలో వేలు ముంచి రుచి చూసింది. మళ్లీ ముంచింది. తర్వాత పుస్తకం తీసింది. చోళ్లు, అవే రాగులు, ఎన్ని పూటలు నానబెడతారు? మొలక ఎంత రానిస్తారు? ఎండలోనా, నీడలోనా ఎండబెట్టేది? పెసలు ఎంత కలుపుతారు? కనక మొదట సిగ్గుపడింది. తర్వాత అడగనివి కూడా చెప్పింది. మొలకెత్తిన చోళ్ల పిండితో కాస్తే అంబలి పలచగా ఉంటుంది, గుంట గొంతుకి అడ్డం పడదు, ఎక్కువ తాగుతుంది, అంది. దాన్ని నిరూపించడానికే గాయత్రి ఆర్నెల్లుగా ఈ కొండలెక్కుతోంది.

"ఇంత మంచి తిండి పెడుతుంటే పాప ఎందుకు పెరగట్లేదమ్మా? పోయిన నెల ముందు దాకా బాగానే పెరిగింది కదా."

"అప్పుడు రోజు ఇడిసి రోజు గుడ్డు కలిపేదాన్నమ్మా."

"ఇప్పుడో?"

"ఏదీ గుడ్డు? ఉన్నాది ఒక్క నల్లపెట్ట."

"నల్లపెట్ట ఏమైంది?"

కనక ఆమె వంక వింతగా చూసింది. "అది మీ కాడికే వచ్చినాది కదమ్మా."

గాయత్రి ల్యాబ్ కాగితం తీసి, కోడిమాంసం అని రాసిన చోట వేలు పెట్టింది. పాప పెరగకపోవడానికి కారణం పదిహేడో నంబరు డబ్బా.

పాప జీపెక్కలేదు. జ్వరం లేదు, విరేచనాలు లేవు కాబట్టి రెండు వారాలు చూద్దామంది గాయత్రి. తనే రెండు పెట్టల్ని సంతలో వెతికి, ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. మూడో డబ్బాకి రోజంతా పాప పక్కనే కూర్చుంది. డబ్బా నిండా వెలితే. కనక ప్రాణం ఒప్పక, తీసుకెళ్లేవాళ్ల కోసం విడిగా అన్నం మూట కట్టి ఇచ్చింది. గాయత్రి దాన్ని ఘాట్ రోడ్డులో తిన్నది. రెండు వారాలకి పాప ఏడు కేజీల మూడు వందలు తూగింది.

ఆ రోజే గాయత్రి ఇంటి వివరాల ఫారంలో మిగిలిన గడులు కూడా నింపింది. ఆఖరి గడి దగ్గర ఫల్గుణ, "అది అందరూ కాళీగానే ఒగ్గేత్తారు మేడమ్" అన్నాడు. ఇంటినుంచి వెళ్లి తిరిగి రానివాళ్ల వివరాలు రాయవలసిన గడి అది. కనక మాత్రం ఖాళీగా వదలనివ్వలేదు. తేదీలతో సహా చెప్పింది. గాయత్రి అది ఉన్నదున్నట్టు రాసుకుంది.

గాసి, 2014 ఆగస్టు. నల్లపెట్ట, 2025 ఫిబ్రవరి 4, మంగళవారం.