కీత్ కొట్టిన కట్టెలు

శనివారం ఉదయం ఏడు గంటలకి డెస్మండ్ ప్రాట్ తన ఏర్పాట్లన్నీ భార్యకి మూడోసారి వినిపించాడు. ఈ రాత్రికి కొండనడకవాళ్లు తలదాచుకునే టోటారా హట్టు, రేపటికి కీయా హట్టు, ఎల్లుండి కొండ దిగి కారెక్కి హొకిటికాలో ఇంటికి. పెళ్లయి ముప్పై ఏళ్లు నిండినందుకు ఇద్దరూ కలిసి చేస్తున్న నడక ఇది. ఈ మూడు రోజుల్లో నోలీన్ ఒక్కసారైనా తనని చూసి "అబ్బ, ఎంత పనిమంతుడివి!" అనాలని డెస్మండ్ కోరిక. ఆ మాట ఆమె చివరిసారి ఎప్పుడు అందో అతనికి గుర్తులేదు. ఆమెకి అసలు అన్నట్టే గుర్తులేదు.

అవకాశం హట్టులో దొరుకుతుందని అతని ధీమా. తడికట్టెలతో పొయ్యి వెలిగించడంలో కొండనడక క్లబ్బు మొత్తంలో అతన్ని మించినవాడు లేడు. దేవుడు కూడా సాయంపట్టి దారి పొడవునా వాన కురిపించాడు. తడిసి ముద్దయి హట్టు చేరేసరికి డెస్మండ్ చేతులు గొడ్డలి కోసం తహతహలాడుతున్నాయి.

తలుపు తీస్తే లోపల ఎండుకట్టెలు గోడవారగా నిలువెత్తు పేర్చి ఉన్నాయి. నేల ఊడ్చి ఉంది. పొయ్యిలో పుల్లలు సర్ది, అంటించడమే తరువాయిగా ఉంచారు. నోలీన్ ఒక్క అగ్గిపుల్ల గీసింది. అంతే, మంట భగ్గుమంది.

"ఎవరో మహానుభావుడు!" అంటూ ఆమె హట్టు పుస్తకం తెరిచింది. వచ్చినవాళ్లంతా పేరు, ఊరు, రేపు వెళ్లే చోటు అందులో రాయాలి. "కీత్ లామాంట్, టిమరూ. మనుషులు ఇద్దరు. వెళ్లేది కీయా హట్టు, రెండు రాత్రులు. దస్తూరి చూడు డెస్, ముత్యాల్లా లేదూ?"

"తర్వాత వచ్చేవాళ్లకి కట్టెలు కొట్టిపెట్టడం అందరూ చెయ్యాల్సిందే. ఇందులో గొప్పేముంది?"

"అందరూ నాలుగు పచ్చిపుల్లలు పడేసి పోతారు. ఈయన కాపురం నిలబెట్టి పోయాడు."

"కట్టెలు కొట్టడం కూడా ఒక విద్యేనా!"

"విద్య కాకపోతే మన గరాజ్ ముందు రెండేళ్లుగా దొర్లుతున్న దుంగ సంగతేంటి?"

వాళ్ల వెనకే వచ్చి ఆ మంట మీద సూప్ కాచుకుంటున్న మెరెయానా అనే నర్సు ఫక్కున నవ్వింది. డెస్మండ్‌కి ఒళ్లు మండింది. నోలీన్ ఈలోగా పుస్తకంలో తమ పేర్లు రాసి, పక్కన ఇలా చేర్చింది: "కీత్ గారూ, మీ కట్టెలు మమ్మల్ని బతికించాయి. రేపు కీయా హట్టులో స్వయంగా వచ్చి థాంక్స్ చెప్తాం."

ఆ "స్వయంగా" డెస్మండ్‌ని తెల్లవార్లూ పొడుస్తూనే ఉంది. కీత్ ఆరడుగులు ఉంటాడని, నల్లటి గడ్డం ఉంటుందని, వెంట ఉన్న రెండోవాడు శిష్యుడై ఉంటాడని అతను నిర్ణయించుకున్నాడు. తెల్లారేసరికి ఇంకో నిర్ణయం కూడా అయిపోయింది. ఈ కలయిక జరగకూడదు.

మెరెయానా ఇంకా నిద్రలో ఉండగానే ఇద్దరూ బయల్దేరారు. గంట నడిచాక దారి రెండుగా చీలింది. డెస్మండ్ ఎడమవైపు తిరిగాడు.

"పుస్తకంలో కీయా అని రాశాం కదా. అది కుడివైపు కదా?" అంది నోలీన్.

"ఇదీ అక్కడికే పోతుంది. పైగా చూడ్డానికి బావుంటుంది."

నిజానికి ఆ దారి పోయేది కారు రోడ్డుకి. సాయంత్రానికి రోడ్డు మీద తేలి, "అయ్యో, దారి తప్పామే!" అనేస్తే సరిపోతుందని అతని ఎత్తు. పుస్తకంలో రాసిన దారి ప్రాణం పోయినా మార్చకూడదని క్లబ్బులో కొత్తవాళ్లకి పదకొండేళ్లుగా పాఠం చెప్పేది ఈ డెస్మండే. అసూయ ముందు పాఠాలు నిలవవు.

మధ్యాహ్నానికల్లా దారి బురదలో కలిసిపోయింది. "నా వెనకే రా, నేను చూస్తాగా" అని అడుగేసిన డెస్మండ్ మోకాలి దాకా దిగాడు. కాలు లాక్కోబోయి నడుం దాకా దిగాడు. నోలీన్ చెయ్యి పట్టి లాగితే చేతి తొడుగు మాత్రం వచ్చింది. ఆమె మెడలోని ఈల తీసింది.

"ఊదకు! ఎవరైనా వింటే పరువు పోతుంది!"

"పరువు ఇప్పటికే నడుం దాకా దిగింది" అని ఆమె గట్టిగా ఊదింది.

అక్కడ కీయా హట్టుకి చేరిన మెరెయానా "నాకంటే ముందు బయల్దేరిన జంట ఏది?" అని అడిగింది. దారిలో వాళ్లని దాటిరాలేదు, హట్టులో వాళ్లు లేరు. టోటారా పుస్తకంలో మాత్రం కీయా అనే ఉంది. అక్కడున్న ఒకాయన వెంటనే తాడు భుజాన వేసుకుని బయల్దేరాడు. చీలిక దగ్గర ఎడమవైపు అడుగుజాడలు చూసి, ఈల వినిపించిన దిక్కుగా పరిగెత్తాడు. నాలుగింటికి డెస్మండ్‌ని బురదలోంచి దుంపను పెరికినట్టు పెరికి ఒడ్డున పడేశాడు. మనిషి పొట్టి, బట్టతల, గడ్డం లేదు.

"కీత్ లామాంట్ అండీ" అన్నాడు చెయ్యి చాస్తూ. డెస్మండ్‌కి మళ్లీ బురదలోకి దిగిపోదామా అనిపించింది.

"అబ్బ, ఎంత పనిమంతులండీ మీరు!" అంది నోలీన్.

ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తున్న మాట కళ్లెదుటే పక్కవాడి పాలైంది. డెస్మండ్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"అయినా రోడ్డుకి పోయే దారిలోకి ఎందుకొచ్చారండీ?" అన్నాడు కీత్.

నోలీన్ భర్త వైపు చూసింది. డెస్మండ్ తన బూటులోని బురదని చాలా శ్రద్ధగా పరిశీలించాడు.

హట్టులో కీత్ భార్య వెర్నా టీ పెట్టి ఎదురుచూస్తోంది. శిష్యుడు ఆవిడే. పేర్లు చెప్పుకునేసరికి ఆవిడ చేతిలో కప్పు ఆగిపోయింది.

"హొకిటికా డెస్మండ్ ప్రాట్ గారా! క్లబ్బు తరఫున మరమ్మతులకి వెళ్తుంటారే, ఆయనే కదూ? ఏ హట్టు పుస్తకం తెరిచినా మీ పేరేనండీ! 'కారుతున్న పైకప్పు బాగుచేశాను', 'ఎలుక కన్నం మూశాను', 'కట్టెలు నింపాను'!" భర్త వైపు తిరిగింది. "ఆరేళ్లుగా చెప్పట్లేదూ, మగాడంటే ఇలా ఉండాలని?"

"చెప్తూనే ఉన్నావు" అన్నాడు కీత్, బొబ్బలెక్కిన అరచేతులు చూసుకుంటూ. "నేనూ కొడుతూనే ఉన్నాను."

డెస్మండ్‌కి ఒక్కసారిగా కీత్ మీద తోడబుట్టినవాడి మీద పుట్టేంత ప్రేమ పుట్టింది.

"ఈయన పైకప్పు ఎక్కారా?" అంది నోలీన్ మెల్లగా. "ఇంట్లో బల్బు మార్చమంటే నడుం నొప్పి అంటారే!"

"మంచి మగవాళ్లని ఇంట్లో ఎవరు గుర్తిస్తార్లెండి" అంటూ వెర్నా డెస్మండ్ పక్కనే బెంచీ మీద కూర్చుంది. పొడిమేజోళ్లు ఇచ్చింది. అతని భుజానికంటిన బురద తనే తుడిచింది. నోలీన్ ముఖంలో నవ్వు మాయమైంది. వెర్నా చాక్లెట్ విప్పి పెద్దముక్క విరిచి అతని చేతికివ్వబోయింది.

నోలీన్ గబుక్కున లేచి వచ్చి ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. "వద్దండీ. మా ఆయనకి చాక్లెట్ పడదు."

పెళ్లయిన నాటి నుంచీ రోజుకో చాక్లెట్ తినే డెస్మండ్, తనకది అస్సలు పడదని ఆనందంగా ఒప్పుకున్నాడు.