బుధవారం వస్తే పాడయ్యే ట్రిమ్మర్

నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఈ కాఫీ చల్లారేలోగా చెప్పేస్తాను. మన ఊళ్ళో మగవాళ్ళంతా ఎవరి తూటాలు వాళ్ళే నింపుకుంటారు కదా. మా ఇంట్లో ఆ పని మా ఆవిడ వెర్నాది. గరాజు ఊడవడం, కాఫీ అందించడం, అడిగినప్పుడు "భలే వచ్చింది" అనడం నా పనులు. వెర్నా గురి తప్పగా నేనెప్పుడూ చూడలేదు. నా గురి కుదరగా ఎవరూ చూడలేదు.

తూటా పేల్చిన ప్రతిసారీ దాని ఇత్తడి తొడుగు కాస్త సాగుతుంది. సాగినదాన్ని సాగినట్టే ఉంచి మళ్ళీ మందు దట్టిస్తే, మూతి తుపాకీలో నొక్కుకుపోయి, ఎల్క్ దుప్పికి తగలవలసింది మన మొహానికే తగులుతుంది. అందుకే ట్రిమ్మర్ అని ఒకటి బల్లకి బిగించి ఉంటుంది. తొడుగుని ఒక చివర బిగించి, రెండో చివర పిడి పట్టుకుని తిప్పితే బ్లేడు దాని మూతిని చెక్కి, అనుకున్న కొలత దగ్గర ఆగుతుంది. పెన్సిలు చెక్కే మిషన్ లాంటిదే అనుకోండి. మాది వెర్నాకి వాళ్ళ నాన్న ఇచ్చిన ట్రిమ్మర్. కూతుర్ని నాకు అప్పగించేటప్పుడు పొడిగానే ఉన్న ఆయన కళ్ళు, దీన్ని మా ట్రక్కు ఎక్కించేటప్పుడు చెమ్మగిల్లాయి.

ఎల్క్ వేట దగ్గర పడింది, పొద్దుటిపూట చలి మొదలైంది. ఒకరోజు నేను గరాజు ఊడుస్తుంటే వెర్నా చెక్కిన తొడుగుల్ని కాలిపర్‌తో కొలుస్తోంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మళ్ళీ కొలిచింది, మళ్ళీ అంతే. ఆమె ఇంకో తొడుగు పెట్టి బిగించబోతుంటే చూశాను. కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎగిరెగిరి పడుతోంది. బిగింపు సగంలోనే జారిపోతోంది. వదులుగా ఉన్న తొడుగు వెనక్కి జరిగిపోతే కొలత ఎక్కడ కుదురుతుంది? వెర్నా చెయ్యి తీసేసి, గ్రీజు అంటుకున్నట్టు ఏప్రనుకి తుడుచుకుంది. చేతికి గ్రీజేమీ లేదు.

అంతకుముందు కూడా ఆమె కప్పు సాసర్లో గలగలలాడటం విన్నాను. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతోందో చూశాను. చలికి అనుకున్నాను. అలా అనుకోవడం సులువుగా ఉండేది. ఆ రోజు మాత్రం అలా అనుకోలేకపోయాను.

"ఏం చూస్తున్నావు?" అంది.

"ట్రిమ్మర్‌ని."

"అది అటు ఉంది."

"ఈ మధ్య సరిగ్గా పని చెయ్యట్లేదు వెర్నా. ముసలిదైపోయింది."

"ముసలిది అదా, నేనా?"

"అదే, అదే."

ఆ అబద్ధం నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. వెర్నా మొహం మాత్రం కాస్త తేటపడింది. ఆ మొహం చూసి నేను ఆ అబద్ధాన్ని నిజం చేద్దామనుకున్నాను. తప్పు మిషన్‌దైతే చేతిది కాదు కదా. కాబట్టి మిషన్ పాడవ్వాలి, దాన్ని పాడు చెయ్యడానికి ఊళ్ళో నన్ను మించిన వాడు లేడు.

ప్రతి బుధవారం వెర్నా పాటల సాధనకని చర్చికి వెళ్ళేది. పక్కింటి డెల్మర్ పెళ్ళాం కారులో ఎక్కించుకుపోయేది. ఆ బుధవారం కారు మలుపు తిరగ్గానే నేను గరాజులో దూరి, బ్లేడుని కొలత దగ్గర ఆపే రింగు స్క్రూని వదులు చేశాను. మర్నాడు వెర్నా బ్లేడు ఉన్న కడ్డీని ఇలా కదిలించి, అలా ఊది, నేను కాఫీ గరాజులోకి తెచ్చేలోపే కనిపెట్టేసింది.

"రింగు వదులైంది, అందుకే ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది," అంది. ఆ పూట బంగాళాదుంపలు మారు వడ్డించుకుంది. నాకు పతకం వచ్చినంత సంబరమైంది.

రింగు బిగించినా కొలతలు కుదరలేదు. కుదరవని నాకు తెలుసు. తరవాతి బుధవారం తొడుగు ఆనే చోట ఇత్తడి పొట్టు కూరాను. వెర్నా పళ్ళుకుట్టుకునే పుల్లతో దాన్ని తీసి పారేసింది. ఆ తరవాత తొడుగు లోపలికి దూరే కడ్డీ తీసేసి, దాని బదులు ఇంకా సన్నది బిగించాను. వెర్నా దాన్ని వెలుతురులో పెట్టి చూసి, కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది.

"ఇది ఇందులోకి ఎలా వచ్చింది ఆర్లిస్?"

"ఎలుకలై ఉంటాయి."

"ఎలుకలు స్క్రూలు విప్పుతాయా?"

"మన గరాజు ఎలుకలు తెలివైనవి."

"పోనీలే, ఇంట్లో తెలివి ఎక్కడో ఒకచోట ఉండాలిగా."

నాకు భయమూ లేకపోలేదు. ఆమె పక్కన పెట్టిన తొడుగుల్లో పొడుగ్గా ఉన్నవి ఏరి, కాఫీ డబ్బాలో దాచేవాణ్ణి. తొడుగులు తగ్గిపోతున్నాయేమిటని అడిగితే మా కుక్క డీకన్ మీదికి తోసేవాణ్ణి. ఎలుకలకి స్క్రూలు, కుక్కకి ఇత్తడి. నోరు లేని జీవాలు కాబట్టి సరిపోయింది.

చివరికి వెర్నాయే డెల్మర్‌ని పిలుద్దామంది. పక్కింటి సలహాల డెల్మర్ మీకు తెలియనివాడు కాదు. పెళ్ళికి పిలిస్తే కేకుకి పునాది సరిగ్గా పడలేదని చెప్పి వస్తాడు. వద్దందామంటే కారణం చెప్పాలి. సరే అన్నాను. వాలు చూసే రసమట్టం పట్టుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టి చూశాడు, నేల మీద పెట్టి చూశాడు, నా భుజం మీద కూడా పెట్టి చూశాడు. ట్రిమ్మర్‌లో ఏ లోపమూ లేదనీ, గరాజే వంకరగా ఉందనీ, అందువల్ల బల్ల వాలిందనీ, ట్రక్కు జాకీ పెట్టి ఒకవైపు లేపితే సరిపోతుందనీ తేల్చాడు.

జాకీ పెట్టాం. బల్ల లేచింది. దాని మీదున్న తొడుగులన్నీ వడగళ్ళలా నేల మీద పడ్డాయి. ఇన్నాళ్ళూ చెయ్యని నేరానికి మాట పడ్డ డీకన్, ఇప్పుడు నిజంగానే ఒకటి నోట కరుచుకుని పరిగెత్తాడు. వాడి వెనక నేను పరిగెత్తాను. డెల్మర్ కాళ్ళ మధ్య నుంచి డీకన్ దూరేసరికి అతను జాకీ వదిలేశాడు. బల్ల దబ్బున దిగింది. ట్రిమ్మర్ బిగింపు ఊడి సిమెంటు నేల మీద పడింది. దాని పిడి విరిగి నా కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది.

డెల్మర్ దాన్ని ఏరి, చేతిలో తిప్పి చూసి, తాను ముందే అనుకున్నానన్నాడు, లోపం పిడిలోనే ఉందన్నాడు.

వెర్నా అతని చేతిలో హకల్‌బెర్రీ పళ్ళు కూరి చేసిన 'పై' ముక్క పెట్టి ఇంటికి పంపించింది. నేను బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుణ్ణనుకున్నాను. ఆమె నా ఎదురుగా నేల మీద కూచుని తొడుగులు ఏరడం మొదలుపెట్టింది. ఒక తొడుగు వేళ్ళ మధ్యకి వచ్చినట్టే వచ్చి జారిపోయింది. మళ్ళీ పట్టుకోబోయింది. మళ్ళీ జారింది. నేను తల తిప్పుకున్నాను.

"చూడు ఆర్లిస్," అంది. "తల తిప్పుకోకు. చూడు."

చూశాను.

"ఈ మిషన్ నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళు నిక్షేపంగా ఉంటుంది. బుధవారం నేను గడప దాటగానే దానికి జబ్బు చేస్తుంది. మొదటి వారమే తెలిసింది నాకు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు అంత శ్రద్ధగా ఏ పనైనా చెయ్యడం నేనెప్పుడూ చూళ్ళేదు. పాడు చెయ్యబుద్ధి కాలేదు."

నేను ఇంకా పట్టు వదల్లేదు. చలికి ఎవరి చేతులైనా అంతేననీ, వయసనీ, పాటల సాధనలో అంతసేపు పుస్తకం పట్టుకుంటే చేతులు లాగుతాయనీ ఏదేదో వాగాను. వెర్నా అంతా విని, పాటల సాధన వసంతంలోనే మానేశానంది.

"మరి బుధవారాలు?"

"ఆసుపత్రికి. అక్కడో పిల్ల నాచేత చెక్క పుల్లలు బెజ్జాల్లో పెట్టిస్తుంది, మైనం పిసికిస్తుంది. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బన్నారు. మందులు వాడితే నెమ్మదిస్తుందట. పోవడం మాత్రం ఉండదట."

నేను గరాజులో దొంగలా స్క్రూలు విప్పుతున్న వేళల్లో ఆమె అక్కడ పుల్లలు గుచ్చుతూ కూచుందన్నమాట. డెల్మర్ పెళ్ళానికి తెలుసు. ఆ ఆసుపత్రి పిల్లకి తెలుసు. డెల్మర్‌కి కూడా తెలిసే ఉంటుంది, అతను నోరు మూసుకుని ఉండగలిగిన విషయం ఇదొక్కటే అయ్యుంటుంది. తెలియనిది నాకొక్కడికే. ఆమెకి తెలియకూడదని నేను పడ్డ పాట్లన్నీ తెలిసినావిడ ముందే పడ్డాను. సిగ్గేసింది. ఆ వెనకే ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"నీ మొహం ఇలా అయిపోతుందని," అంది, గ్రీజు గుడ్డ నా ఒళ్ళోకి విసురుతూ. దాంతోనే కళ్ళు తుడుచుకున్నాను. కళ్ళు ఇంకా మండాయి.

ఈ ఏడు వేటకి కొండకి వస్తాను గానీ తుపాకీ పట్టనంది వెర్నా. నేను ఒప్పుకోలేదు. బండ మీద ఆనించి కాల్చొచ్చన్నాను. వెనక నుంచి నేను పట్టుకుంటానన్నాను.

"పూర్తిగా తప్పితే బాధ లేదు ఆర్లిస్. సగం తగిలితే? అది కుంటుకుంటూ ఏ లోయలోకో పోయి, రోజుల తరబడి చస్తూ పడుంటుంది. నా చేత్తో నేను ఆ పని చెయ్యలేను."

నేను ఆమె చేతిలోంచి జారిన తొడుగు తీసి బల్ల మీద పెట్టాను.

"మరి ఈ తూటాలన్నీ ఎవరికి?" అన్నాను.

"నీకే."

"నేను ఈ గరాజు తలుపుని కూడా కొట్టలేను కదా."

"తెలుసు. ఈ ఏడు ఎల్క్‌లకి పండగ. నేను పక్కన కూచుని బైనాక్యులర్స్‌లో చూస్తూ నవ్వుకుంటాను."

నవ్వింది కూడా. నవ్వుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. అవి నవ్వువల్ల వచ్చినవి కావని నాకు తెలుసు.

ట్రిమ్మర్‌ని మళ్ళీ బల్లకి బిగించాం. విరిగిన పిడి బదులు కడ్డీకి బిగింపు పట్టకారు తగిలించాం. వెర్నా స్టూలు మీద కూచుంది. తొడుగు పెట్టి బిగించడం నా వంతు, ఎలా బిగించాలో చెప్పడం ఆమె వంతు. తిప్పమంది. తిప్పాను. అటు కాదంది. ఇటు తిప్పాను. వంట గరిట తిప్పినట్టు తిప్పకంది. చివరికి విసుగొచ్చి, తన చెయ్యి నా చేతి మీద వేసి నెమ్మదిగా తిప్పించింది. ఆ వణుకు నా వేళ్ళలోకి, మోచేతి దాకా వచ్చింది. ఇత్తడి పొట్టు సన్నగా రాలి బల్ల మీద పడింది.

తొడుగు తీసి కొలిచాను. సరిగ్గా ఉందన్నాను. నా మాట ఆమె నమ్మలేదు. కాలిపర్ లాక్కుంది. దాని దవడలు ఇత్తడి మీద టకటకమని కొట్టుకుంటున్నాయి. చాలాసేపు పట్టింది. నేను తల తిప్పుకోకుండా, చెయ్యి చాపకుండా, పట్టకారు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"సరిపోయింది," అంది వెర్నా. "తరవాతది పెట్టు."