ట్రూడీకి కొత్త పందిరట!

ఆ మంగళవారం పొద్దున మార్లీన్ పెట్టుకున్న పని ఒక్కటే, తన డోనట్ల షాపు తలుపుకు రంగు వెయ్యడం. మరకలు పడకుండా కింద పరిచిన పేపర్లో హార్లన్ క్రీక్ ఊరి మ్యాపు కనిపించింది. మెయిన్ స్ట్రీట్ మీద ఎర్ర గీత ఒకటి ఎదురుగా ఉన్న ట్రూడీ కాఫీ షాపును చుట్టి, రోడ్డు మధ్యలోనే వెనక్కి తిరిగిపోయింది.

"డ్వేన్! ట్రూడీని లోపల వేసి మనల్ని బయట వదిలేశారు!"

మొగుడు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "గీత లోపల ఇకమీదట పెరిగే ఆస్తిపన్నంతా అక్కడే ఖర్చు పెడతారట. దీపాలు, కాలిబాటలు, షాపుల ముందు చారల గుడ్డ పందిళ్ళు..."

"ఆవిడకి కొత్త పందిరా?"

"పూర్తిగా విను. పాడుబడ్డ చోటని తేలితేనే ఇస్తారట."

మార్లీన్ చెవికెక్కినవి రెండే ముక్కలు, పందిరి, పాడుబడడం. రంగు డబ్బా మూసేసి చాకు తీసింది. మధ్యాహ్నానికి తలుపు మీదున్న పాత రంగు కూడా ఊడిపోయింది.

సాయంత్రం టౌన్ హాల్లో ఆ గీత మీద బహిరంగ విచారణ. మనిషికి మూడు నిమిషాలు.

"మా కప్పు ఏడు చోట్ల కారుతుంది మేయర్ గారూ! గిన్నెలు చాలక డోనట్ల పళ్ళేలే పెడుతున్నాం. ట్రూడీ షాపులో ఏం పాడైందని? గుమ్మానికి పూలకుండీలు కూడానూ!"

నిజానికి కారేది ఒక్క చోటే.

వెనక వరసలోంచి ఎవరో అడిగారు. "మార్లీన్, నిన్న నేను తిన్నది ఏ పళ్ళెంలోదమ్మా?"

హాలంతా నవ్వింది. ట్రూడీ లేచింది. "నా షాపు పాడుబడలేదని రెండు నెలలుగా మొత్తుకుంటున్నాను. నా చోటు ఆమెకే ఇచ్చెయ్యండి, మేయర్ గారూ."

"నువ్వు నాకు ఇచ్చేదేంటి? నా అర్హత చూసే ఇస్తారు!" అంది మార్లీన్.

మ్యాపు మారిందంటే అన్నీ మొదటికొచ్చినట్టే. మళ్ళీ నోటీసులు, మళ్ళీ సమీక్ష బోర్డు. ఆ బోర్డు తరఫున, పన్నులో వాటా ఉన్న బడి వాళ్ళు, లైబ్రరీ వాళ్ళు, కౌంటీ వాళ్ళు షాపు చూడ్డానికి వచ్చారు. ఆ వేళకి మార్లీన్ మిగతా ఆరు చోట్లా నీళ్ళు చిలకరించి ఉంచింది. ప్రతి శుక్రవారం బడికి పన్నెండు డజన్ల డోనట్లు తెప్పించుకునే నార్డ్‌స్ట్రామ్ గారు పళ్ళేల్లో నీళ్ళు చూశారు, పైకి చూశారు, "సందేహం లేదు, పాడుబడింది" అని సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ శుక్రవారం ఆర్డరు రద్దు చేశారు.

కౌన్సిల్ నాలుగు రెండు ఓట్లతో తీర్మానించింది. మార్లీన్ లోపలికి, ట్రూడీ బయటికి. మార్లీన్ ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చింది.

మర్నాడు పేపర్లో మొదటి పేజీ నిండా ఆమె గోకిన తలుపు. ఎదురుగా ట్రూడీ, "ఈ కట్టడం శిథిలం కాదు" అని ఊరి ముద్రతో వచ్చిన ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి తన షాపు అద్దంలో పెట్టింది. ఆ అద్దం ముందు వరస కట్టినవాళ్ళలో సగంమంది నిన్నటిదాకా మార్లీన్ దగ్గర డోనట్లు కొన్నవాళ్ళే.

"మన పందిరి ఎప్పుడొస్తుంది?" అంది మార్లీన్ గొంతు తగ్గించి.

"ముందు మన షాపు విలువ పెరగాలి. అప్పుడు పన్ను పెరుగుతుంది. ఆ పెరిగినదాంట్లోంచి పందిరి," అన్నాడు డ్వేన్, ఖాళీ షాపు చూస్తూ.

మార్లీన్ పందిరి ఊసు వదిలేసింది. చూపంతా ఎదుటి ఫ్రేము మీదే. గబగబా టౌన్ హాల్‌కు ఫోన్ చేసింది.

"నన్ను గీత బయటికి తీసెయ్యండి. నాక్కూడా ట్రూడీకిచ్చినటువంటి ఉత్తరం కావాలి."

గుమాస్తా కాగితాలు తిరగేసి, తీర్మానం అయ్యాక గీత మారదని, దాని గడువు ఇరవై మూడేళ్ళని మర్యాదగా చెప్పింది.