తొంభైతొమ్మిదో విడిభాగం

“ఈ కుటుంబ వ్యాను తొంభైతొమ్మిది శాతం మన చేతుల్లోనే పుట్టింది. మిగతా ఒక్క శాతం వినయం కోసం వదిలిపెట్టాం!” అని పరిశ్రమల మంత్రిగారు మైకులో సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి.

ఆ చేతులు జిగురు మేస్త్రివి. భాగస్వామి కంపెనీ వాళ్ళ వ్యాను సముద్రం దాటి, సీటు కవర్లతో సహా తయారై దిగుతుంది. మేస్త్రి దాని మీద వాళ్ళ పేరు ఊడబీకి మన పేరు అతికిస్తాడు. ఆరేళ్ళుగా టెంపరరీ. తనిఖీ గట్టెక్కితే పర్మనెంట్ చేస్తామని మంత్రిగారి మాట. లేకపోతే షెడ్డుకు తాళమే.

తనిఖీ అధికారి వచ్చి కాగితాలు తిరగేశాడు.

“విదేశీ విడిభాగాలెన్ని?”

“ఒక్కటే సార్,” అన్నాడు మేనేజరు గర్వంగా. “వ్యాను.”

“మనవో?”

“పేరులో మూడక్షరాలండి. ప్ర, గ, తి.”

“నాలుగింట మూడు. డెబ్బై అయిదు శాతం. మంత్రిగారు తొంభైతొమ్మిదన్నారే?”

పక్కనే ఉన్న మంత్రిగారికి సమస్య విప్పడం వెన్నతో పెట్టిన విద్య. “ఒత్తులు, దీర్ఘాలు విడివిడిగా లెక్కెయ్యండి. పేరు కూడా కాస్త సాగదీయండి!” అన్నారు.

‘ప్రగతి’ ముందు సౌభాగ్యం చేరింది, దాని ముందు సర్వజనులు చేరారు. పేరు వెనక తలుపు దగ్గర మొదలై, వ్యాను చుట్టూ తిరిగి, అద్దాలెక్కి, టాపు మీదికి పాకింది. తొంభై ఎనిమిదో ముక్క దగ్గర మేస్త్రి చెమట తుడుచుకున్నాడు. చోటు అయిపోయింది.

“తొంభై ఎనిమిదీ చిల్లర,” పెదవి విరిచాడు అధికారి. “ఒక్కటి తక్కువ. ఒక సున్నా అయినా పెట్టవయ్యా!”

“సూది మోపే సందు లేదండి. ఇక టైర్లే మిగిలాయి.”

మంత్రిగారు మేస్త్రిని మొదటిసారి ఎగాదిగా చూశారు. “నువ్వెక్కడ పుట్టావోయ్?”

“ఇక్కడేనండి, ఈ షెడ్డు వెనక వీధిలో.”

“మీ నాన్న?”

“ఆయనా అక్కడేనండి.”

“చూశారా, అసలు సిసలు మన సరుకు!”

అధికారి ఆలోచించాడు. “ఒప్పుకుంటాను. కానీ విడిభాగమంటే వ్యానుకు బిగించి ఉండాలి.”

మేనేజరు మేస్త్రిని మధ్య సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. టక్కుమంది. అధికారి రెండుసార్లు గట్టిగా లాగి చూసి, సంతృప్తిగా సంతకం చేశాడు. మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. పర్మనెంట్ ఆర్డరు అక్కడికక్కడే రాయించి కిటికీలోంచి అందించారు.

“అయ్యా, ఇక దిగనా?”

“దిగితే శాతం పడిపోదూ? ఆరేళ్ళు ఆగినవాడివి, ఇంత తొందరేమిటి?”

సాయంత్రం భార్య ఫోను చేసింది. “ఏమయ్యా, పర్మనెంట్ చేశారా?”

“చేశారే.”

“నా తండ్రే! మరి భోజనానికి ఇంటికేగా?”

మేస్త్రి అద్దం మీది దీర్ఘం పక్కనుంచి బయటికి చూశాడు.

“ఏమో. ఒకాయన పెళ్ళాంబిడ్డలతో వచ్చి వ్యాను బేరమాడుతున్నాడు. వాళ్ళిల్లు ఎటువైపో కనుక్కుని చెబుతా.”